మధ్యస్థుడు లేని ఆట

క్రోకే ఆట నెరుగనివారికి అది చూచుటకు పిల్లల ఆటవలె నుండును. 35 గజముల పొడవు, 28 గజముల వెడల్పు గల పచ్చికబయలు. అందు నేలలో నాటిన ఆరు ఇనుప కమానులు. నడుమ నొక కొయ్యగుంజ. నాలుగు రంగుల బంతులు. పొడవైన పిడిగల కొయ్యసుత్తులు. ఒకరి పక్షమున నీలము, నలుపు. వేరొకరి పక్షమున ఎరుపు, పసుపు. సుత్తితో బంతిని కొట్టి, ఒక్కొక్క కమానును రెండుమారులు దాటించి, తుదకు గుంజకు తాకింపవలెను. రెండు బంతులను ముందుగా అట్లు చేర్చినవారిది గెలుపు. ఆట ఇంతే. కాని బంతి అడ్డుకొలత సుమారు మూడున్నర అంగుళములకు పైన ఉండగా, కమాను లోపలి వెడల్పు దానికన్న అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రమే హెచ్చు. ఆ ఇరుకు సందున బంతిని దూర్చునప్పుడు సుత్తి బంతిని ఒకమారు తాకెనా, రెండుమారులు తాకెనా? రెండుమారులు తాకినచో అది తప్పు. ఆడువాని వంతు అంతటితో ముగిసినట్లే. ఈ సంగతి ఎవరికి తెలియును? ఎదుటివాడు పచ్చిక అంచున కుర్చీలో కూర్చుండి యున్నాడు. చూచువారు ఇంకను దూరమున నున్నారు. తెలిసినది కొట్టినవాని చేతివ్రేళ్ళకు మాత్రమే.

సామాన్యమైన పోటీలలో ఈ ఆటకు మధ్యస్థుడు ఉండడు. ఆడు ఇద్దరే దానికి న్యాయాధిపతులు. తాను తప్పు చేసితినని తోచిన తక్షణమే కొట్టినవాడు నోరు తెరచి చెప్పవలెనన్నది ఆట నిబంధనలలోనే చేరియున్నది. అది పెద్దలు చెప్పెడి హితవు కాదు, చట్టము. తప్పు జరుగుటకు వీలున్న దెబ్బ కొట్టబోవునప్పుడు ముందుగానే ఆగి, ఎదుటివానిని దగ్గరకు పిలిచి, వచ్చి చూడుమని కోరుట మంచి ఆటగాని లక్షణము. న్యాయస్థానములలో నేరము మోపబడినవానిని తనకు తానే ప్రతికూలసాక్షి కమ్మని నిర్బంధింపరాదు. మన రాజ్యాంగములోని 20వ అధికరణము గూడ ఆ రక్షణ నిచ్చుచున్నది. ఈ చిన్న ఆట మాత్రము అందుకు నేరుగా ఎదురుతిరిగి, తప్పు చేసినవాని సాక్ష్యము తప్ప వేరు సాక్ష్యము నాకక్కరలేదని భీష్మించుకొని కూర్చున్నది. ఇది వట్టి అమాయకత్వమా, లేక ఇందులో ఏదేని వివేకమున్నదా అన్నదే ఇక్కడ మనము విచారింపవలసినది.

మర్యాద గల ఆట అనగానే మెత్తని ఆట అని భ్రమపడరాదు. క్రోకేలో తన బంతితో ఎదుటివాని బంతిని తాకినవానికి ఒక అధికారము లభించును. తన బంతిని దాని ప్రక్కన ఆనించి పెట్టి, ఒకే దెబ్బతో రెండింటిని కదల్చి, శత్రువు బంతిని పచ్చిక చివరి మూలకు తోలివేయవచ్చును. అంతవరకు ఎంతో శ్రమపడి కమాను ముందు నిలుపుకొన్న బంతి అట్లు దొర్లిపోవుచుండగా దాని యజమాని చేయదగిన పని ఒక్కటే: ఊరక కూర్చుండుట. లేచి పచ్చికమీద తిరుగరాదు; కొట్టువాని చూపునకు అడ్డుపడరాదు; నీడ పడనీయరాదు; నిట్టూర్పు వినబడనీయరాదు. నేర్పరియైన ప్రత్యర్థి ఒకే వంతులో కమాను తరువాత కమాను దాటుచు చాలసేపు ఆడుచునే యుండవచ్చును. అంతసేపును తన ఓటమిని తాను కన్నులార చూచుచు కూర్చుండవలెను. ఇంత నిర్దయ గల ఆటకు ఇంత మర్యాద ఎందుకని అడుగుటకన్న, ఇంత మర్యాద లేనిచో ఇంత నిర్దయను ఎవడు సహించునని అడుగుట మేలు.

దీని చరిత్రలో ఒక చిన్న వినోదము కూడ కలదు. ఐర్లండునుండి 1850 ప్రాంతమున ఇంగ్లండునకు వచ్చిన ఈ ఆట పది, పదిహేనేండ్లలో అక్కడి తోటలన్నిటను వ్యాపించినది. స్త్రీలును పురుషులును ఒకే నియమములతో ఒకే చోట కలిసి ఆడిన తొలి ఆటలలో ఇది యొకటి. 1868లో ఆల్ ఇంగ్లండ్ క్రోకే క్లబ్బు ఏర్పడి, వింబుల్డన్‌లో చోటు సంపాదించుకొన్నది. తరువాత టెన్నిసునకు గూడ కొంత చోటిచ్చిరి. 1877లో అక్కడ తొలి టెన్నిసు పోటీ జరిగినది. చుట్టపుచూపుగా వచ్చిన టెన్నిసు క్రమముగా ఇల్లంతయు ఆక్రమించుకొన్నది. క్రోకేకు క్లబ్బు పేరులో చివరిమాట మిగిలినది. ఇక అసలు విషయమునకు వత్తము.

ఈ ఆటనుగూర్చి తలపోయుచు నా చూపు టెల్కో కాలనీమీదికి పోవుటకు కారణము కలదు. జంషెడ్‌పూరు తూర్పు ప్రాంతమున నున్న ఈ కాలనీలో క్రోకే పచ్చికకొరకు వెదుకుట వృథాశ్రమ. ఇక్కడి పిల్లల ఆటలు ఫుట్‌బాలు, క్రికెట్టు, గోలీలు. పెద్దలవి క్యారమ్సు, చదరంగము, బాడ్మింటను. సుమంత్ మూల్గావ్‌కర్ పేరుమీద ఒక క్రీడారంగము గూడ కలదు. జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోవు ఊరికి వెడల్పైన వీథులు, నీడనిచ్చు చెట్లు, ఫుట్‌బాలునకు హాకీకి విశాలమైన స్థలములు ఉండవలెనని కోరెను. ఉక్కు కర్మాగారము ఏ ఊర వెలయునో అప్పటి కింకను తేలలేదు. ఆటస్థలము మాత్రము ఆయన మనస్సున తేలియున్నది. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ 1945లో ఏర్పడినది. మొదట రైలు ఇంజనులు, 1954 మొదలు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ వారి సహకారముతో లారీలు తయారైనవి. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్ అయినది. కాని కాలనీ పాతపేరును విడువలేదు. ఆ సంస్థ పొట్టిపేరు ఇప్పుడు బ్రతికియున్నది ముఖ్యముగా జనుల నోళ్ళలో, ఇండ్ల చిరునామాలలో.

ఇట్టి ఊరిలో ఒకే వీథిలో శ్రీకాకుళమువారు, గంజామువారు, బెంగాలీలు, బీహారీలు, ఒడియావారు, పంజాబీలు, సంతాలులు ఇరుగుపొరుగుగా నుందురు. పుట్టిన పల్లెలో తగవు తీర్చుటకు ఒక పెద్దమనిషి యుండును. అతని మాట తాతల నాటినుండి చెల్లుచుండును. పొట్టచేతబట్టుకొని వచ్చిన ఊరిలో అట్టి పెద్ద దొరకడు. సాయంకాలము క్వార్టర్ల నడుమ ఖాళీ స్థలమున చేరిన పదిమంది పిల్లలకు ఉమ్మడిగా నున్నవి కొంచెము హిందీ, ఒక బంతి, ఒకరి మాటపై మరియొకరికి గల నమ్మకము. క్రోకే పచ్చికమీది ప్రశ్నయే ఇక్కడను పుట్టును: ఎవరును చూడనప్పుడు నీవు ఏమి చెప్పుదువు?

మన ఆడపిల్లల తొక్కుడుబిళ్ళను చూడుడు. నేలపై సుద్దతోనో బొగ్గుతోనో గీసిన గదులు. కాలు గీతమీద పడరాదు. ఆట ముదిరినకొలది నియమములును ముదురును. ఒక దశలో పిల్ల తల పైకెత్తి, కన్నులు మూసికొని, ఒక్కొక్క గదిలో అడుగు పెట్టుచు "రైటా?" అని అడుగును. గీత తొక్కకున్నచో తక్కిన పిల్లలు "రైట్" అందురు. తొక్కినచో "ఔట్" అందురు. ఇందలి ధైర్యము ఎంతటిదో మనము సామాన్యముగా గమనింపము. కన్ను మూసికొన్న పిల్ల ఎవరిని అడుగుచున్నది? తన ఓటమివలన లాభపడువారినే. వారు ఒక్క అబద్ధమాడినచో ఆమె వంతు పోవును. వారి వంతు వచ్చును. అయినను వారు నిజమే చెప్పుదురని నమ్మి ఆమె తరువాతి అడుగు వేయుచున్నది. క్రోకేలో కొట్టువాడు తనపై తానే తీర్పు చెప్పుకొనవలెను. తొక్కుడుబిళ్ళలో ఎదుటివారు తమ లాభమునకు విరుద్ధముగా తీర్పు చెప్పవలెను. రెండును ఒకే శీలమునకు రెండు ముఖములు. ఇంగ్లండు దొరల తోటలలో పుట్టిన మర్యాద ఇదియని ఎవరైన అన్నచో వారు మన ఇండ్ల వాకిళ్ళను చూడలేదనుకొనవలెను.

ఈ మర్యాదను తప్పుటకు తెలుగులో చక్కని మాట కలదు: తొండి. "తొండి చేసినాడు" అన్నప్పుడు పిల్లలు ఓడినందుకు ఏడ్చుట లేదు. ఓటమిని వారు అరగడియలో మరతురు, తొండిని మరువరు. తొండివానికి పిల్లలు విధించు శిక్షయు ఆలోచింపదగినది. వానిని కొట్టరు, పెద్దలతో చెప్పరు. మరునాడు ఆటకు పిలువరు.

పురాణములలో ఈ శిక్ష ఇంత తేలికగా ముగియలేదు. భాగవతము దశమస్కంధమున బలరామ రుక్ముల జూదము కలదు. అనిరుద్ధునకు రుక్మి మనుమరాలైన రోచనతో వివాహము జరిగినది. పెండ్లివారందరును భోజకటమున చేరియుండగా, కళింగరాజు మొదలగువారి ప్రేరణమున రుక్మి బలరాముని పాచికలాటకు పిలిచెను. నూరు, వేయి, పదివేలు ఒడ్డిన మొదటి పందెములు రుక్మి గెలిచినాడు. కళింగరాజు పండ్లన్నియు బయటపెట్టి బలరాముని చూచి పకపక నవ్వెను. తరువాత లక్ష పందెమును బలరాముడు గెలిచెను. రుక్మి మాత్రము గెలుపు తనదనెను. అంతకన్న పెద్ద పందెమును గూడ బలరాముడే గెలిచెను. రుక్మి మరల గెలుపు తనదని, సాక్షులను చెప్పుమనెను. సాక్షులలో ఒక్కడును నిజము పలుకలేదు. తుదకు ఆకాశవాణి పలుకవలసి వచ్చెను. పశువుల కాపరులకు పాచికలేమి తెలియునని రుక్మి ఎగతాళి చేయగా, బలరాముడు పరిఘ నెత్తి వానిని చంపెను. పారిపోవుచున్న కళింగరాజును పదియవ అడుగున పట్టుకొని, నవ్విన పండ్లను రాలగొట్టెను. (శ్రీకాకుళమువారు ఈ కథను వినునప్పుడు కళింగరాజు మనవాడేనని కొంచెము నొచ్చుకొనవచ్చును.)

పెండ్లిపందిరిలో నెత్తురు చిందినది. బలరాముని కోపమును సమర్థించుట నా ఉద్దేశము కాదు. నన్ను ఆపినది ఆ సభలోని సాక్షుల మౌనము. పాచిక ఎట్లు పడినదో అందరును చూచిరి. ఒక్కడు, ఒక్క మాట అన్నచో రుక్మి బ్రతికి యుండెడివాడు. అబద్ధమాడిన రుక్మి ఒక్కడే తొండి చేసెనని మనమనుకొందుము గాని, నోరు మూసికొన్నవారందరును ఆ తొండిలో భాగస్వాములు. శ్రీకృష్ణుడు సైతము బావమరది చచ్చినప్పుడు మంచి యనలేదు, చెడ్డ యనలేదు. ఒకటి అన్నచో రుక్మిణి నొచ్చుకొనును, రెండవది అన్నచో అన్న నొచ్చుకొనును. జరిగిపోయిన తరువాత మాట దొరకదు, జరుగుచున్నప్పుడే పలుకవలెను.

ఇక్కడ ఒక వాదమున్నది, దానిని తోసివేయరాదు. "నేను అబద్ధమాడలేదు, ఎవరును అడుగలేదు కనుక చెప్పలేదు. తప్పు కనిపెట్టుట ఎదుటివాని పని" అని ఆటగాడు అనవచ్చును. మధ్యస్థుడున్న ఆటలలో ఈ మాటకు కొంత బలము కలదు. అంపైరు ఉన్నప్పుడు ఆటగాడు తన విచక్షణను అతని చేతిలో పెట్టినాడు. అంపైరు పొరపాటువలన తనకు నష్టము వచ్చినప్పుడు ఓర్చుకొనువాడు లాభము వచ్చినప్పుడు ఊరకుండుట సహజమే. క్రికెట్టులో బంతి బ్యాటుకు తాకినట్లు తెలిసియు తీర్పుకొరకు నిలిచియుండువారందరిని దొంగలనుట అన్యాయము. కాని మధ్యస్థుడు లేనిచోట ఈ వాదము నిలువదు. అక్కడ ఎదుటివాడు తప్పు కనిపెట్టుటకు కుర్చీలోనుండి లేవకపోవుట అతని సోమరితనము కాదు. నిన్ను నమ్మినాడు గనుక లేవలేదు. నీ మౌనము అతని నమ్మకమును వాడుకొని అతనినే ఓడించుచున్నది. అడుగలేదు గనుక చెప్పలేదనుట, తాళము వేయలేదు గనుక తీసికొంటిననుట వంటిది.

గోల్ఫు ఆటగాడు బాబీ జోన్స్ 1925లో అమెరికా ఓపెను పోటీలో, కొట్టుటకు సిద్ధపడుచుండగా బంతి కొంచెము కదలినదని తానే చెప్పి, ఒక దెబ్బ నష్టము నెత్తిన వేసికొన్నాడు. అధికారులెవరును చూడలేదు. తుదకు విల్లీ మాక్‌ఫర్లేన్‌తో సమానమై, మరల ఆడిన ఆటలో ఓడిపోయినాడు. ఆ ఒక్క దెబ్బ లేనిచో పోటీ అతనిదే. ఇందుకు తన్ను పొగడినవారిపై అతడు విసుగుకొన్నాడు. ఆ విసుగే నాకు నచ్చినది: చేయదగినదానిని చేసినవానిని మెచ్చుకొనుట, చేయకపోవుట మామూలని ఒప్పుకొనుటయే గదా.

మన దేశమున గుండప్ప విశ్వనాథ్ కథ దీనికన్న కఠినమైనది, ఏలన అక్కడ అంపైరు ఉన్నాడు. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో విశ్వనాథ్ మన జట్టు నాయకుడు. ఇంగ్లండు 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకొన్నది. అటుపిమ్మట బాబ్ టేలర్ క్యాచ్ ఔటని అంపైరు తీర్పు చెప్పినాడు. బంతి బ్యాటుకు తాకలేదని విశ్వనాథ్ నిశ్చయించుకొని అతనిని వెనుకకు పిలిపించినాడు. టేలర్, ఇయాన్ బోథమ్ కలిసి 171 పరుగులు చేర్చిరి. ఇంగ్లండు 10 వికెట్ల తేడాతో గెలిచినది. నాయకునికి తన గెలుపును దానము చేయు హక్కు కలదుగాని జట్టు గెలుపును దానము చేయు హక్కు కలదా అని అడుగువారు ఈనాటికి కలరు. ప్రశ్న సబబైనదే. నా అభిప్రాయమున విశ్వనాథ్ దానము చేయలేదు. తనది కానిదానిని తిరిగి యిచ్చినాడు. తనది కానిదానిని ఇచ్చుటకు జట్టు అనుమతి అక్కరలేదు.

అయితే మర్యాద పేరుతో జరుగు అన్యాయము గూడ కలదు. 1947లో ఆస్ట్రేలియా పర్యటనలో బిల్ బ్రౌన్ బంతి వేయకముందే గీత దాటి పోవుచుండగా వినూ మన్కడ్ ఒకమారు హెచ్చరించినాడు. తరువాత ఔటు చేసినాడు. డిసెంబరులో సిడ్నీ టెస్టులో మరల ఔటు చేసినాడు. నియమము అతని పక్షమున నున్నది. ఎదుటి నాయకుడు బ్రాడ్‌మన్ సైతము అతనిని సమర్థించినాడు. అయినను చాలకాలము ఆ పనికి మన్కడ్ పేరు నిందగా అంటిపెట్టుకొన్నది. గీత దాటిన బ్రౌన్ పేరు అంటలేదు. 2022లోగాని క్రికెట్టు నియమములు చేయు ఎం.సి.సి.వారు దానిని అనుచితమైన ఆట అను శీర్షికనుండి తీసి రనౌటు శీర్షికలో చేర్చలేదు. మర్యాదను ఎవరు నిర్ణయింతురో, దానివలన నిందపడువారెవరో ఎల్లప్పుడును గమనింపవలెను. చెప్పని చట్టములు చెప్పిన చట్టములకన్న బలవంతుల చేతిలో త్వరగా వంగును.

ఈ మాట నన్ను మరల కంపెనీ ఊరికే తీసికొని వచ్చుచున్నది. టెల్కో కాలనీ అనియే కాదు, ఏ కర్మాగారపు ఊరిలోనైనను మనిషి హోదా అతని క్వార్టరు గోడలమీదనే వ్రాసియుండును. గదులెన్నో, పెరడెంతో చూచినచో జీతము తెలియును. పగలు ఒకరిక్రింద ఒకరు పనిచేయువారు సాయంకాలము ఒకే క్యారమ్సు బల్లచుట్టు కూర్చుందురు. అధికారి స్ట్రైకరుతో కొట్టునప్పుడు మోచేయి గీత దాటినది. క్రింది ఉద్యోగి చూచినాడు. చూడనట్లు తల తిప్పుకొన్నాడు. అంతటితో ఆగక, చేతికందిన ఎర్రకాయను తానే గురి తప్పి విడిచిపెట్టినాడు. "అదృష్టము మీది, సార్" అని నవ్వినాడు. అధికారియు నవ్వినాడు. ఎవరికిని నష్టము లేదు, తగవు లేదు, తొండి లేదు. పైకి చూచినచో ఇంతకన్న మర్యాదగల ఆట ఉండదు.

నా దృష్టిలో పైన చెప్పిన తప్పులన్నిటికన్న ఇది పెద్దది. తొండి చేయువాడు కనీసము ఎదుటివానిని ప్రత్యర్థిగా ఎంచినాడు. ఓడిపోదునేమో అని భయపడినాడు. కావలెనని ఓడిపోవువాడు ఎదుటివానిని ప్రత్యర్థిగా గూడ ఎంచలేదు. అధికారి గెలిచితినని ఇంటికి పోవుచున్నాడు. అతడు ఆడనే లేదు. పగటి ఉద్యోగమే సాయంకాలము బల్లమీద కొనసాగినది. క్రింది ఉద్యోగిని మాత్రమే తప్పు పట్టుట సులభము. కాని అతనికి సంసారమున్నది, ఏటేట వచ్చు ఇంక్రిమెంటు ఉన్నది. ఇట్టి ఆటలో మొదట నోరు తెరవవలసినవాడు పైవాడే. "నా మోచేయి దాటినది, నీవు చెప్పవేమి?" అని అతడు ఒక్కమారు అడిగినచో, రెండవమారు క్రిందివాడు చెప్పగలడు. అధికారము గలవాడు తన తప్పు తాను చెప్పుకొనినప్పుడు బల్లమీద సమానత్వము ఏర్పడును. క్రిందివాడు ఎంత ధైర్యవంతుడైనను ఒంటరిగా దానిని తేలేడు.

తెలుగిండ్లలో ఒక మాట కలదు: ఆటలో అరటిపండు. పెద్దపిల్లల ఆటలో ఏడ్చుచు వచ్చి చేరిన పసివానిని అట్లందురు. వాడును పరుగెత్తును, వానిని పట్టుకొన్నను ఔటు కాడు, లెక్కలోనికి రాడు. వాని సంతోషమే వాని ఫలము. పసివానికి అది దయ. నలుబదియేండ్ల అధికారిని అరటిపండును చేసినప్పుడు అది ఎంత తీయగానున్నను అవమానమే. ఆ సంగతి అతనికి తెలియకపోవుట మరింత అవమానము.

బలహీనునకు సహాయము చేయరాదని దీని భావము కాదు. క్రోకేలో నేర్పు తక్కువైనవానికి బిస్క్ అను అదనపు వంతులు ఇచ్చు పద్ధతి కలదు. అవి ఎన్ని అన్నది ఇద్దరి నేర్పుల తేడానుబట్టి ఆటకు ముందే తేల్చుకొందురు. ఆ సంఖ్య కెన్ని కావలెనో అన్ని చిన్న పుల్లలు పచ్చిక అంచున నేలలో గుచ్చియుంచెదరు. సహాయము కావలసినప్పుడు ఆటగాడు తానే అడిగి వంతు తీసికొనును; తీసికొన్నప్పుడెల్ల ఒక పుల్లను పీకివేయుదురు. ఎంత ఇచ్చిరో, ఎంత వాడుకొనిరో, ఎంత మిగిలియున్నదో దారినపోవువానికి గూడ కనబడుచుండును. చివరి పుల్ల పోయిన పిమ్మట నేర్పరి తన బంతితో బలహీనుని బంతిని తాకి, దయాదాక్షిణ్యములు లేక పచ్చిక మూలకు తోలివేయును. బలహీనుడు కుర్చీలో కూర్చుండి, తన వంతుకొరకు ఎదురుచూచును.